పోస్ట్‌కార్డుల్లో కృష్ణుడి నీలం ఊదాగా ప్రింట్ అవుతోంది, ఎలా సరిచేయాలి?

సొంతంగా బొమ్మలు గీసి పోస్ట్‌కార్డు సెట్లు అమ్ముతాను. కొండపల్లి దశావతారాల బొమ్మలు చూసి గీసిన 10 కార్డుల సెట్‌లో ముదురు నీలం మాత్రం రెండుసార్లూ ఊదాగా వచ్చింది. పసుపు, ఎరుపు చక్కగానే ఉన్నాయి.

ప్రోక్రియేట్ అనే డ్రాయింగ్ యాప్‌లో డిస్‌ప్లే పీ3 అనే స్క్రీన్ రంగుల ప్రొఫైల్‌తో, 300 డీపీఐలో గీశాను. మొదటిసారి ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల) ఫైలే ఇచ్చాను, అది నా తప్పే. రెండోసారి ఫోటోషాప్‌లో ఫోగ్రా39 అనే ప్రింటింగ్ ప్రొఫైల్‌తో సీఎంవైకేకి (ప్రింటింగ్ సిరాల రంగులకు) మార్చాను. సయాన్ (లేత నీలం సిరా) 100 శాతం అలాగే ఉంచి, మెజెంటాను (ముదురు గులాబీ సిరా) 85 నుంచి 65కి తగ్గించి పీడీఎఫ్ పంపాను. ఊదా కాస్త తగ్గింది, పోలేదు. పైగా రంగులో జీవం లేదు. స్క్రీన్ వెలుగు సగానికి తగ్గించి చూసినా నాకు నీలంగానే కనిపిస్తోంది.

కాగితం 300 జీఎస్‌ఎం మ్యాట్ ఆర్ట్ కార్డ్, ప్రింటింగ్ డిజిటల్ ప్రెస్‌లో. వాళ్ల మెషీన్ ప్రొఫైల్ అడిగితే "ఏదైనా ఫర్వాలేదు" అన్నారు.

60 సెట్లకు డబ్బు ముందే తీసుకున్నాను, రెండు వారాల్లో పంపాలి. స్క్రీన్ మీద ఆ నీలం చూసి కొన్నవాళ్లకు ఊదా కృష్ణుణ్ణి ఇవ్వడానికి మనసు ఒప్పుకోవడం లేదు.

మ్యాట్ కార్డ్ మీద డిజిటల్ ప్రింట్ చేయించినవాళ్లు చెప్పండి: ముదురు నీలం నీలంగానే రావడానికి మీరు సయాన్, మెజెంటా, నలుపు ఎంతెంత పెట్టారు?