చప్టా మీద వరద నీరు పారుతుంటే కారును ఎంత లోతు వరకు దాటించవచ్చు?

ప్రశ్న (ఖమ్మం జిల్లా నుంచి):
మా ఊరి దారిలో ఒక వాగు ఉంది. దాని మీద వంతెన లేదు, ఎత్తు తక్కువ చప్టా మాత్రమే ఉంది. మొన్న జోరువాన కురిసిన సాయంత్రం ఒక ట్రాక్టరు దాటుతుంటే, దాని వెనకే నేను కూడా నా చిన్న కారును దింపాను. నీరు తలుపుల కింది అంచు దాకా వచ్చింది. నడిమధ్యకు చేరేసరికి కారు వెనుక భాగం జానెడు పక్కకు జరిగినట్టు స్టీరింగులో స్పష్టంగా తెలిసింది. వెనుక సీట్లో మా అమ్మ, ఆరేళ్ళ పాప ఉన్నారు. ఎలాగో ఒడ్డు చేరాము గాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లోవాళ్ళు మాత్రం ఒకసారి దాటిన బండి మళ్ళీ దాటదా అంటున్నారు. అసలు ఎంత లోతు వరకు ఫరవాలేదు? మధ్యలో ఇంజన్ ఆగిపోతే ఏమి చేయాలి? బీమా వర్తిస్తుందా?

జవాబు 1 (ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకుడు):
స్టీరింగులో మీకు తెలిసిన ఆ జానెడు కదలికలోనే జవాబు ఉందండీ. మీ కారు బరువు సుమారు 900 కిలోలు, పొడవు 3.6 మీటర్లు, వెడల్పు 1.6 మీటర్లు అనుకుందాం. చక్రాల గూళ్ళను మినహాయించినా, నీరు కారు అడుగుభాగాన్ని దాటి పైకి వచ్చే ప్రతి 10 సెంటీమీటర్లకూ దాదాపు 450 కిలోల బరువును మోసేస్తుంది. అడుగుభాగం నేలకు 17 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, 37 సెంటీమీటర్ల లోతుకే, అంటే మోకాలి లోతు కూడా రాకముందే, చక్రాల మీద బరువు దాదాపు మిగలదు. లోపలికి నీరు చేరి బండి మళ్ళీ బరువెక్కడానికి కొంత సమయం పడుతుంది, ఆలోపు ప్రవాహం దానిని అంచు దాటించేస్తుంది. నీటి వేగం రెండింతలైతే తోపుడు నాలుగింతలవుతుంది. ట్రాక్టరుకు పెద్ద చక్రాలు ఉంటాయి, నీరు దాని కింద నుంచి, పక్కల నుంచి సాగిపోతుంది, కాబట్టి అది దాటడం మీకు కొలమానం కాదు. పైగా బురద నీటి కింద చప్టా అంచు కోతకు గురైందో లేదో పైనుంచి ఎవరికీ కనబడదు. పారే నీటికి ఫలానా లోతు క్షేమమని నేను చెప్పలేను.

జవాబు 2 (విజయవాడ, మెకానిక్):
2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిన తరువాత మా షెడ్డుకు వచ్చిన కార్లలో, నిలిపి ఉంచి మునిగినవాటి కంటే, నీటిలో ఆగిపోయాక యజమాని పదే పదే తాళం తిప్పినవాటికే ఇంజన్ ఎక్కువగా పాడైంది. గాలి పీల్చే గొట్టం చాలా కార్లలో ముందు గ్రిల్లు వెనకే ఉంటుంది. ముందున్న లారీ లేపిన అల ఒక్కటి చాలు, నీరు సిలిండరులోకి చేరుతుంది. పిస్టన్ గాలిని నొక్కగలదు గాని నీటిని నొక్కలేదు, అందువల్ల పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఒక కారు ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరిస్తే, కాగితం తడిసి ముద్దై, మడతల మధ్య సన్నటి ఒండ్రు గట్టిపడి ఉంది. కాబట్టి ఆగిన బండిని మళ్ళీ స్టార్ట్ చేయకండి. ఒడ్డుకు లాగించి, బ్యాటరీ తీగ విప్పించి, స్పార్క్ ప్లగ్గులు గాని ఇంజెక్టర్లు గాని తీయించి, ఇంజన్‌ను పానాతో చేత్తో తిప్పించి నీరంతా బయటికి వచ్చాకే తాళం పెట్టాలి. కదలని నీరు, తెలిసిన రోడ్డు, చక్రం సగానికంటే తక్కువ లోతు ఉన్నప్పుడైతే ఫస్ట్ గేరులో నెమ్మదిగా వెళ్ళవచ్చు. బయటికి వచ్చాక బ్రేకులను తేలికగా నొక్కుతూ ఆరబెట్టుకోవాలి.

జవాబు 3:
బీమా గురించి: ఎదుటివారికి జరిగే నష్టానికే వర్తించే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ కారుకు ఏమీ రాదు. సమగ్ర పాలసీలో వరద నష్టం ఉంటుంది గాని, నీటిలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజన్ లోపల జరిగిన నష్టాన్ని సాధారణంగా ఒప్పుకోరు. దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఒకవేళ బండి కొట్టుకుపోవడం మొదలైతే లోపలివాళ్ళు ఎలా బయటపడాలి?

జవాబు 4 (నందిగామ):
2024లో ఇక్కడ ఐతవరం దగ్గర 65వ జాతీయ రహదారి మీదికే వరద నీరు వచ్చి, హైదరాబాదు, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. రహదారికే ఆ గతి పట్టినప్పుడు చప్టా సంగతి వేరే చెప్పాలా? బండి తేలగానే ఫోను కోసం వెతకకుండా ముందు సీటు బెల్టులు విప్పి, కరెంటు పని చేస్తుండగానే అద్దాలు దించాలి. బయట నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. ఇంజన్ బరువుకు ముందు భాగం మొదట మునుగుతుంది. అద్దం దిగకపోతే పక్క అద్దాన్ని మూల దగ్గర కొట్టాలి, ముందు అద్దం పొరల అద్దం కాబట్టి తేలికగా పగలదు. పిల్లలను ముందు బయటికి పంపాలి. చిన్న సుత్తి ఒకటి చేతికి అందేచోట ఉంచుకోండి. బయటపడ్డాక 112కు ఫోను చేయండి.

జవాబు 2 ఇచ్చినవారు మళ్ళీ:
మీ కారును ఆ రోజు తరువాత ఎవరికైనా చూపించారా? రేపు పొద్దున తాళం తిప్పకముందు ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల (డిప్‌స్టిక్) తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే అందులో నీరు కలిసిందన్నమాట, బండి స్టార్ట్ చేయకుండా షెడ్డుకు లాగించండి.