ఉగాదికి ఎనిమిది కేజీలు తగ్గాను, వినాయక చవితికి ఆరు తిరిగొచ్చాయి. ఇప్పుడేం చేయాలి?

గోదారి గట్టు:

నాకు 47. రాజమండ్రి. ఆఫీసులో కుర్చీ, ఇంటికొస్తే సోఫా. షుగర్ వచ్చి నాలుగేళ్లయింది. పోయిన డిసెంబరులో హెచ్‌బీఏ1సీ అనే షుగర్ రక్తపరీక్షలో 8.2 వచ్చింది. డాక్టరు గారు కళ్లద్దాల పైనుంచి చూసిన చూపుకి సిగ్గేసి, జనవరి 1న వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసుకున్నాను: ‘84 నుంచి 76, ఉగాదిలోపు’.

సాధించానండీ. పొద్దున ఐదుంపావుకి పుష్కర ఘాట్, అక్కణ్నుంచి గట్టు వెంట గంటంపావు నడక. రాత్రి అన్నం బంద్, రెండు పుల్కాలు. పెసరట్టులోంచి ఉప్మా తీయించేశాను (అదెంత త్యాగమో మా వైపు వాళ్లకి తెలుసు). ఉగాది రోజు కాటా 75.8 చూపించింది. ఆ వారమే చేయించిన హెచ్‌బీఏ1సీ 6.6. క్యాలెండర్ మీద అంకె చుట్టూ సున్నా చుట్టి, పులిహోర రెండోసారి వడ్డించుకున్నాను.

మర్నాడు అలారం మోగింది. ఆపేసి పడుకున్నా. బద్ధకం అనుకోకండి, ఎందుకు లేవాలో నిజంగా అర్థం కాలేదు. పరీక్షలయ్యాక పుస్తకాలు అటకెక్కించినట్టు, పని అయిపోయిందనిపించింది, అంతే. ఆ తర్వాత బంగినపల్లి పళ్లు, మూడు పెళ్లిళ్లు, పెళ్లి పెళ్లికీ పూతరేకులు. చవితి వారంలో చూస్తే బరువు 82, హెచ్‌బీఏ1సీ 7.8.

‘సంక్రాంతికి 74 అని పెట్టుకో’ అంటున్నాడు మా తమ్ముడు. మళ్లీ అంకె పెట్టుకుంటే మళ్లీ ఇదే కథేమోనని టెన్షన్. ఏ అంకే లేకుండా ఏళ్ల తరబడి నడుస్తున్నవాళ్లుంటే, రోజూ గుమ్మం ఎలా దాటుతున్నారో చెప్పండి. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఉగాది తర్వాత రాత్రి వేసుకునే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ నా అంతట నేనే మానేశాను.

ఖమ్మం కుట్టుమిషన్:

అన్నా, నేను ఇంట్లో బట్టలు కుడతా. రోజంతా కూర్చునే పనే. తొమ్మిదేళ్లుగా నడుస్తున్నా కానీ ఎంత దూరమంటే చెప్పలేను. రాత్రి తిన్నాక కంచం కడిగి బోర్లిస్తా, తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూనే చెప్పులు వేసుకుంటా. కంచానికీ చెప్పులకీ మధ్యలో కూర్చోను. కూర్చున్నానంటే సీరియలే. నాకున్న రూల్ అదొక్కటే.

మొదట్లో వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయి వస్తే చాలనుకున్నా. ఏడెనిమిది నిమిషాలు. ఇప్పటికీ కొన్ని రోజులు అంతే. పక్కింటి వదిన కలిస్తే అరగంట. మీరేమో మొదటి రోజే గంటంపావు పెట్టుకున్నరు, అదీ తెల్లారకముందే. పెళ్లికి పోయి రాత్రి పన్నెండింటికి ఇల్లు చేరిన మర్నాడు ఎవరు లేస్తరన్నా?

లెక్కల పంతులు:

పై అక్కగారు చెప్పింది బంగారం. నేను లెక్క వైపు నుంచి రెండు ముక్కలు చెబుతాను.

ఎర్ర రక్తకణం బతికేది సుమారు 120 రోజులు. దానికి పట్టిన చక్కెరనే మీ హెచ్‌బీఏ1సీ కొలుస్తుంది. అంటే అది రెండు మూడు నెలల సగటు. ఇవాళ నడిచారో లేదో దానికి ఇవాళే తెలియదు. అలాంటి అంకెని పట్టుకుని రోజూ పొద్దున్నే లేవాలంటే ఎవరికైనా కష్టమే. అదే భోజనం చేయగానే నడిచారనుకోండి, కండరాలు అప్పుడే రక్తంలో చక్కెరని వాడుకుంటాయి. గ్లూకోమీటరు ఉంటే నడిచిన రోజు, నడవని రోజు తిన్న రెండు గంటలకి చూసుకోండి.

రెండోది, 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని వీడియోల్లో చెబుతారు చూడండి, దాన్ని నమ్మకండి. కొత్త ముఖానికి అలవాటు పడటానికి తన రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాశాడు. అందులోంచి ‘కనీసం’ ఎగిరిపోయింది, ముఖం కూడా ఎగిరిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని 12 వారాలు గమనించి 2010లో అచ్చువేసిన పరిశోధనలో, ఆలోచించకుండా చేసేసే స్థితి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు తేలింది. ఒకరికి 18, ఇంకొకరికి 254 (12 వారాలు దాటినవి లెక్కగట్టిన అంచనాలు). ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. నాకు నచ్చింది అదే. మా ఇంట్లో ఒక రోజు తప్పితే వారం తప్పినట్టే.

మందుల షాపు:

అందరూ నడక గురించే మాట్లాడుతున్నారు, ఆ మాత్ర సంగతి ఎవరూ ఎత్తరేంటి? గోదారి గట్టు గారూ, మీకు 6.6 వచ్చింది మాత్ర వేసుకుంటున్నప్పుడు. అంకె బాగుందని మాత్ర ఆపేసి మూడు నెలలకి మళ్లీ చీటీతో వచ్చేవాళ్లని మా కౌంటర్ దగ్గర రోజూ చూస్తాను. రేపే డాక్టరు దగ్గరికెళ్లి మానేశానని చెప్పేయండి. తిడతారు, తిట్టనివ్వండి.

ఇంకొకటి. అంకెని మరీ విలన్‌ని చేయకండి. జనవరిలో మిమ్మల్ని మంచం దించింది అదే కదా. మూడు నెలలకోసారి టెస్టు చేయించుకోండి. క్యాలెండర్ మీద మాత్రం రాయకండి.

గోదారి గట్టు:

డాక్టరు గారు తిట్టారు. మాత్ర మళ్లీ మొదలైంది.

అలారం తీసేశాను. చెప్పులు షూ ర్యాక్‌లోంచి తెచ్చి వంటింటి గుమ్మం పక్కన పెట్టాను. వంటింట్లో చెప్పులేంటని మా ఆవిడ రెండు రోజులు గొడవ చేసింది, మూడో రోజు కింద పాత పేపరు పరిచింది. తిని చెయ్యి కడుక్కోగానే సందు చివర ఇస్త్రీ బండి దాకా వెళ్లొస్తున్నాను. ఇవాళ్టికి పద్దెనిమిదో రోజు. ఆరోది తప్పింది, చుట్టాలొచ్చారు. ఏడో రోజు వెళ్లాను. మునుపైతే ఏడోది కూడా ఎగ్గొట్టేవాణ్ని.

పెసరట్టులోకి ఉప్మా తిరిగొచ్చింది, దాని గురించి మాత్రం ఏమీ అనకండి.

నిన్న రాత్రి కుండపోత వాన. వరండాలోనే అటూ ఇటూ తిరుగుతుంటే టీవీ ముందు నుంచి మా ఆవిడ ‘ఆ టపటపలేంటండీ’ అని అరిచింది. చెప్పులు విప్పి నడిచాను.