మురుగు గొట్టంలోకి కెమెరా పంపే ముందు జెట్టింగ్ చేయించాలా, వద్దా?

ఎంవీపీ కాలనీ నివాసి:
విశాఖలోని మా అపార్ట్‌మెంట్ మురుగు లైను పాతకాలపు స్టోన్‌వేర్ గొట్టాలతో (మట్టిని కాల్చి మెరుపు పూత పూసినవి) వేసినది. వానలు పడితే చాలు, మ్యాన్‌హోల్ పొంగుతోంది. కెమెరాతో పరీక్ష చేయిద్దామంటే, ముందు జెట్టింగ్ చేస్తే, అంటే అధిక పీడనంతో నీళ్లు కొట్టి కడిగితే తప్ప కెమెరా దింపనని గుత్తేదారు అంటున్నారు. ఆ దెబ్బకు గొట్టమే పగిలిపోతుందని మా సంఘంలో కొందరి భయం. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జెట్టింగ్ పనుల పర్యవేక్షకుడు:
కడగకుండా తీయించే వీడియో డబ్బు దండగ. అడుగున జానెడు పూడిక, దానిపైన గడ్డకట్టిన కొవ్వు ఉన్నచోట కెమెరా బండి చక్రాలు జారిపోతాయి. ఎలాగో ముందుకు సాగినా అడుగుభాగంలోని పగుళ్లు కనిపించవు. మేము దిగువ మ్యాన్‌హోల్ నుంచి ఎగువకు హోస్ పంపుతాం. హోస్ చివరనున్న నాజిల్ (నీళ్లు చిమ్మే మూతి) వెనుక రంధ్రాల నుంచి దూసుకొచ్చే నీళ్లే దానిని ముందుకు నెడతాయి, తిరిగి లాగేటప్పుడు అవే నీళ్లు పూడికను దిగువకు ఊడ్చుకొస్తాయి, అక్కడ సక్షన్ మిషన్ తోడేస్తుంది. నాజిల్‌ను ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఉంటే బాగున్న గొట్టానికి హాని జరగదు.

విశ్రాంత ప్రజారోగ్య ఇంజనీరు:
గొట్టం బాగుందో లేదో తెలియకనే కదండీ వారు పరీక్ష చేయిస్తున్నది. స్టోన్‌వేర్ గొట్టాలు పొట్టివి కనుక అతుకులు ఎక్కువ. అతుకు సిమెంటు ఊడిన చోట చుట్టూ ఉన్న నేల కొద్దికొద్దిగా లోపలికి జారి, గొట్టం బయట బోలు ఏర్పడుతుంది. అక్కడ వంద బార్లకు (మామూలు గాలి పీడనానికి సుమారు వంద రెట్లు) పైబడిన పీడనంతో నీళ్లు తగిలితే ఆ బోలు పెరిగి పైనున్న రోడ్డే కుంగవచ్చు. తీరం వెంబడి ఇసుక నేలల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పైగా పూడిక ఎక్కడ మొదలైంది, వేళ్లు ఏ అతుకులోంచి చొచ్చుకొచ్చాయి అన్న ఆనవాళ్లు కడిగితే చాలావరకు చెరిగిపోతాయి.

అందుచేత తెల్లవారుజామున, ఇళ్లలో నీటి వాడకం మొదలుకాక ముందే, ఒకసారి ఉన్నది ఉన్నట్టుగా కెమెరాతో చూడాలి. ఆ తర్వాత తక్కువ పీడనంతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచుతూ కడిగి, అసలు వీడియో అప్పుడు తీయాలి. కడిగేటప్పుడు సక్షన్ గొట్టం దగ్గర ఒకరు నిలబడి వచ్చే పూడికను గమనించాలి. నల్లటి బురద, కొవ్వు ముద్దలు వస్తే అది ఇళ్ల నుంచి దిగినదే. మన కొండవాలు ఎర్రమట్టి వానాకాలంలో మూతల సందుల్లోంచి కూడా దిగుతుంది కనుక దానిని చూసి తొందరపడనక్కర లేదు; కానీ ఎండాకాలంలోనూ అది ఆగకుండా వస్తూ, అందులో మెరుపు పూత ఉన్న గొట్టపు పెంకులు కనిపిస్తే గొట్టం పగిలి బయటి నేల లోపలికి వస్తున్నట్టే, ఆ క్షణమే పంపు ఆపించాలి.

జెట్టింగ్ పనుల పర్యవేక్షకుడు:
పెంకుల విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. అయితే నిండుగా నిలిచిపోయిన లైనులో తొలి కెమెరా మురుగులో మునిగి ఏమీ చూపదు. అటువంటి చోట తక్కువ పీడనంతోనైనా ముందు దారి చేయక తప్పదు.

గాజువాక సభ్యురాలు:
గొట్టం గురించి ఇంత మాట్లాడుకున్నాం, పనివారి మాట ఎవరూ ఎత్తలేదు. పూడికను కదిపితే అందులో చిక్కుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఒక్కసారిగా పైకి వస్తుంది. దాని మోతాదు పెరిగితే ముక్కుకు వాసన కూడా తెలియదు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది, మరణ పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 30 లక్షల రూపాయలకు పెంచింది. నాజిల్ లోపల ఇరుక్కుంటే ఎవరినీ దింపకుండా ఎలా తీస్తారో గుత్తేదారును ముందే అడగండి.

ఎంవీపీ కాలనీ నివాసి:
తప్పకుండా అడుగుతాం. మా లైను వానలు లేనప్పుడు పారుతూనే ఉంటుంది కనుక ముందుగా ఒకసారి కెమెరా దింపమని కోరుతాం. అందుకు ఆయన ఒప్పుకోకపోతే?

విశ్రాంత ప్రజారోగ్య ఇంజనీరు:
పని ఆయనకు ఇవ్వకండి. తొలి వీడియో లేకపోతే, కడిగాక బయటపడిన పగులు పాతదో, జెట్టింగ్ వల్ల వచ్చినదో తేల్చే ఆధారం మీ సంఘం చేతిలో ఉండదు.