రోమన్ సైన్యంలో చక్రవర్తిని నిలబెట్టే బలం ఎవరిది: లెగేట్‌దా, సెంచూరియన్‌దా?

గరుడధ్వజం: నా ఓటు సెంచూరియన్‌కే. లెజియన్ అనే రోమన్ దళంలో సుమారు 5,000 మంది. పైన అధిపతిగా సెనేటర్ (రోమ్ పెద్దల సభ సభ్యుల) వర్గపు లెగేట్, కింద ట్రిబ్యూన్లనే ఆరుగురు అధికారులు, శిబిరం చూసుకునే ప్రిఫెక్ట్, తర్వాత 60 మంది దాకా సెంచూరియన్లు. లెగేట్ రెండు మూడేళ్లుండి వెళ్లిపోతాడు. 80 మందిని రోజూ నడిపేది, శిక్షించేది సెంచూరియనే.

రైన్‌తీరం: ఒప్పుకోనండి. క్రీ.శ. 69 జనవరి 1న రైన్ నది ఒడ్డున మైంజ్ శిబిరంలో సైనికులు చక్రవర్తి గాల్బా విగ్రహాలను పగలగొట్టారు. అడ్డుపడిన 22వ లెజియన్ సెంచూరియన్లు నలుగురిని సైనికులే సంకెళ్లు వేసి ఈడ్చుకెళ్లారు. తర్వాత దిగువ జర్మనీ గవర్నర్ విటెల్లియస్ ఆ సెంచూరియన్లను చంపించాడు. మర్నాడు ఒకటో లెజియన్ లెగేట్ ఫేబియస్ వాలెన్స్ ఆశ్వికులతో కొలోన్‌కు వచ్చి విటెల్లియస్‌ను చక్రవర్తి అన్నాడు. ఎగువ, దిగువ జర్మనీల రెండు సైన్యాలూ విటెల్లియస్ వెంట నడిచాయి.

గరుడధ్వజం: ఆ మైంజ్‌లోనే లెగేట్లకూ పైవాడైన గవర్నర్ హోర్డియోనియస్ ఫ్లాకస్ నోరు మెదపకుండా చూస్తూ నిలబడ్డాడు కదా! హోదా ఒక్కటే పని చేస్తే తిరుగుబాటు అక్కడే ఆగేది.

ఖజానా: మీరిద్దరూ డబ్బును వదిలేశారు. 89లో అదే మైంజ్‌లో గవర్నర్ సాటర్నైనస్ తిరగబడ్డాడు. రెండు లెజియన్లు ఒకే శిబిరంలో ఉండటం, అక్కడ సైనికులు దాచుకున్న సొమ్ము పోగుపడటం అతనికి ధైర్యమిచ్చాయి. అణచివేశాక చక్రవర్తి డొమిషియన్ రెండు లెజియన్లు కలిసి ఉండకూడదన్నాడు, ఒక్కో సైనికుడి పొదుపును 1,000 సెస్టర్స్‌లకు (రోమన్ నాణేలు) పరిమితం చేశాడు. సెంచూరియన్ల జోలికి పోలేదు. ప్రమాదం గవర్నర్ దగ్గరుందని అతనికి స్పష్టంగా తెలుసు. 193లో డిడియస్ జూలియానస్ రోమ్‌లో చక్రవర్తిని కాపాడే ప్రిటోరియన్ దళం వాళ్లకు తలా 25,000 సెస్టర్స్‌లు ఇస్తానని పదవి కొన్నాడు, కానీ పన్నోనియా గవర్నర్ సెప్టిమియస్ సెవెరస్ దండెత్తి రాగానే 66 రోజులకే పతనమయ్యాడు. సెవెరస్ ఆ పాత ప్రిటోరియన్ దళాన్నే రద్దుచేసి, తన లెజియన్ల వాళ్లతో నింపాడు.

రైన్‌తీరం: నిజమే, అందుకే చక్రవర్తి గాలియెనస్ 260లలో సెనేటర్లను లెజియన్ల నాయకత్వం నుంచి తప్పించి, సెనేటర్ల కింది హోదా అయిన ఈక్వెస్ట్రియన్ వర్గపు ప్రిఫెక్టులను పెట్టాడు. తిరుగుబాటు మాత్రం ఆగలేదు, దాన్ని నడిపే చేతులు మారాయంతే. 268లో గాలియెనస్‌ను చంపినవాళ్లు సొంత సైన్యాధికారులే, అతని తర్వాత గద్దెనెక్కిన రెండో క్లాడియస్ కూడా ఆ సైన్యాధికారుల వర్గంవాడే.

గరుడధ్వజం: 284లో సైన్యం ఎన్నుకున్న డయోక్లీషియన్ అప్పటికి చక్రవర్తి అంగరక్షక దళాధిపతి. అంటే 69కి మీ వాదన సరే. మూడో శతాబ్దానికి వచ్చేసరికి మాత్రం సెనేటర్ పుట్టుక కంటే సైన్యంలో మెట్టుమెట్టుగా ఎక్కిన అనుభవానికే బలం వచ్చింది.