నాన్న జేబు గడియారానికి ఇంట్లోనే సెల్ మార్చొచ్చా?

మున్నేటి_ఒడ్డు:
నాన్న హెడ్మాస్టరుగా రిటైరైన రోజు తోటి టీచర్లంతా కలిసి గొలుసు ఉన్న జేబు గడియారం ఒకటి ఇచ్చారు, వెనక ఆయన పేరు చెక్కించి మరీ. దసరా అప్పుడు ఆగిపోయింది. ఇక్కడ ఒక షాపులో ఇస్తే రెండు రోజులు ఉంచుకుని, ఆ పేరు మీదే గీత పడేసి, సెల్ దొరకలేదని తిరిగిచ్చారు. అప్పటినుంచి ఇంకెవరి చేతికీ ఇవ్వబుద్ధి కావట్లేదు. నాన్న మాత్రం ఆగిపోయిన గడియారాన్నే రోజూ తీసి చూసుకుని మళ్ళీ జేబులో పెట్టుకుంటున్నారు. వెనక స్క్రూలేమీ కనబడవు. నేనే మార్చొచ్చా, ఏ సెల్ కొనాలి?

పాత_వాచీలు:
మార్చొచ్చండీ, కంగారు పడకండి. ముందు అది సెల్‌తో నడిచేదేనా చూసుకోండి. నడిచే రోజుల్లో సెకండ్ల ముల్లు సెకనుకోసారి ఆగి గెంతేదైతే సెల్‌దే. అలాకాక రోజూ కీ ఇచ్చేవాళ్ళైతే అది స్ప్రింగుది, అందులో సెల్ ఉండదు, మూత జోలికే వెళ్ళకండి.

స్క్రూలు లేవంటే నొక్కుడు మూత అయ్యుంటుంది. అంచు చుట్టూ గోటితో తడిమితే ఒకచోట చిన్న గాటు తగులుతుంది. మూత మీద టేపు అంటించి (ఇంకో గీత పడకుండా), పదును లేని సన్నటి కత్తి మొన ఆ గాటులో పెట్టి పైకి ఎత్తకుండా మెల్లగా మెలితిప్పండి, టప్‌మని వస్తుంది. కింద తెల్ల గుడ్డ పరుచుకోండి, ఏదైనా చిన్న ముక్క పడితే కనబడుతుంది.

తెరిచి చూడకుండా సెల్ కొనకండి. పాత సెల్ మీద నంబరు ఉంటుంది. చాలావాటిలో 377 కనబడుతుంది, దాన్నే ఎస్ఆర్626ఎస్‌డబ్ల్యూ అని కూడా అంటారు: 6.8 మి.మీ. వెడల్పు, 2.6 మి.మీ. మందం, 1.55 వోల్టులు. నంబరు చివరి 26 అంటే ఆ మందమే. ఎల్ఆర్626 అని ఇస్తే అదీ అదే సైజు, చవక, గడియారం నడుస్తుంది కూడా, కానీ అది ఆల్కలైన్. వోల్టేజి మెల్లమెల్లగా పడిపోతుంది, లోపల కారిందంటే మిషన్ పాడు. ఇలాంటి గడియారానికి ఎస్ఆర్ అన్నదే అడిగి తీసుకోండి.

రాగితీగ:
ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సెల్ దగ్గర్లోనే రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది, ఆ తీగ వెంట్రుక కన్నా సన్నం. స్క్రూడ్రైవర్ జారి దానికి తగిలి తెగిందా, ఇక కొత్త సెల్ వేసినా కదలదు, మిషన్ మొత్తం మార్చుకోవాల్సిందే. మా తాతయ్య గడియారం నా చేతుల్లో అలాగే పోయింది, ఇప్పటికీ బాధే. సెల్‌ని పట్టిన క్లిప్పు ఎటు జరుగుతుందో ముందు కళ్ళతో చూసి, తర్వాతే చెయ్యి పెట్టండి. ప్లాస్టిక్ పట్టకారు వాడండి, ఇనుపదైతే రెండు వైపులా తగిలి సెల్ షార్ట్ అవుతుంది. తీసే ముందే ఫోన్‌లో ఫోటో తీసుకుంటే ఏ వైపు పైకి ఉందో గుర్తుంటుంది.

మున్నేటి_ఒడ్డు:
తెరిచాను! 377నే. కొత్తది తెచ్చి వేశాను, ప్లస్ గుర్తు పైకే ఉంది, అయినా ముల్లు కదలట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది, తీగ ఏమైనా తెగిందా?

పాత_వాచీలు:
తొందరపడి అలా అనుకోకండి. కీ పూర్తిగా లోపలికి ఉందా? టైమ్ మార్చడానికి బయటికి లాగితే చాలా గడియారాలు ఆగిపోతాయి. అది కాకపోతే సెల్‌కి తగిలే రేకు మీద తెల్లపొడి ఉందేమో చూసి, ఇయర్ బడ్‌ని స్పిరిట్‌లో కొద్దిగా ముంచి తుడవండి, ఆరాక మళ్ళీ వేయండి.

చిన్నూ_అమ్మ:
నాకు గడియారాల గురించి తెలీదు కానీ ఇంట్లో పిల్లలుంటే పాత సెల్ అలా బల్ల మీద వదిలేయొద్దు, టేపు చుట్టి దాచండి. మింగి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. అనుమానం వచ్చినా సరే, ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

మున్నేటి_ఒడ్డు:
కీయే! సెల్ రాగానే టైమ్ పెడదామని లాగి అలాగే వదిలేశాను. నొక్కగానే ముల్లు గెంతింది. మా పాప చిన్నదే, పాత సెల్ ఇప్పుడే టేపు చుట్టి పైన పెట్టేశాను. కానీ మూత కూర్చోవట్లేదు, ఒకవైపు నొక్కితే ఇంకోవైపు లేస్తోంది.

పాత_వాచీలు:
మూత అంచులో ఒకచోట చిన్న కోత ఉందేమో చూడండి, అది కీ కాడ దగ్గరికి సరిగ్గా రావాలి. లోపలి రబ్బరు రింగు గాడిలో ఉందో లేదో కూడా చూసి, మడతపెట్టిన తువ్వాలు మీద అద్దం వైపు కిందకి పెట్టి రెండు బొటనవేళ్ళతో ఎదురెదురుగా ఒకేసారి నొక్కండి. ఎంతకీ కూర్చోకపోతే బలవంతం చేయకండి, అద్దం పగులుతుంది. మూత నొక్కే ప్రెస్ ఉన్న వాచీ మెకానిక్ దగ్గరికి వెళ్ళి, ఎదురుగా నిలబడి వేయించుకోండి.

మున్నేటి_ఒడ్డు:
క్లిక్‌మంది! నాన్నకి ఇచ్చి వస్తా.