ఏఐ ఏజెంట్ ఒకే స్లాట్ ఇద్దరికి ఇస్తోంది, ఆపేదెలా?

ప్రశ్న: విజయవాడలో మా అక్క పళ్ల క్లినిక్‌కి వాట్సాప్‌లో ఏఐ ఏజెంట్ పెడుతున్నాను. గూగుల్ క్యాలెండర్‌లో ఫ్రీబిజీ (ఏ టైమ్ ఖాళీ, ఏది కాదు) చూసి ఈవెంట్ రాస్తుంది. టెస్టింగ్‌లో ఇద్దరం ఒకేసారి 10:30 అడిగితే ఇద్దరికీ ఓకే అనేసింది. పంటి నొప్పితో వచ్చినవాళ్లని కూర్చోబెట్టడం నాకిష్టం లేదండీ.

జవాబు: చూడటానికీ రాయడానికీ మధ్య సందులో రెండోవాళ్లు దూరుతున్నారు. క్యాలెండర్ దానంతటది అడ్డుకోదు. స్లాట్ టైమ్‌తో ఈవెంట్ ఐడీ మీరే ఇవ్వండి, అదే ఐడీతో రెండోసారి రాయబోతే సాధారణంగా 409 ఎర్రర్ (ఆ ఐడీ ఇప్పటికే ఉందని) వస్తుంది.

మరో జవాబు: అపాయింట్‌మెంట్ రద్దయ్యాక ఆ ఐడీని మళ్లీ వాడనివ్వదు, అదో చిక్కు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో డాక్టర్, స్లాట్ కలిపి యూనిక్ (అదే జత రెండోసారి రాయనివ్వని నియమం) పెట్టి, అక్కడ రాశాకే ఏజెంట్‌ని ఓకే చెప్పనివ్వండి. అమెరికాలో పిల్లలు అమ్మానాన్నలకు బుక్ చేస్తుంటారు, టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా (భారత సమయం) అని ఖాయం చేయండి.

ప్రశ్న అడిగినవారు: పోస్ట్‌గ్రెస్ దారే పడతాను. థాంక్సండీ.