సెల్లార్‌లో 45 మి.మీ. మోడల్ రైలు ట్రాక్: చెమ్మకి ఏది నిలుస్తుంది?

శ్రీకాకుళంలో ఇంటి సెల్లార్, 20×12 అడుగులు. నౌపడ–గుణుపురం పాత నారోగేజ్ రైలు లైన్ మోడల్ కట్టాలి. అసలు గేజ్ (పట్టాల మధ్య ఎడం) 762 మి.మీ. కనక 45 మి.మీ. ట్రాక్‌మీద స్కేలు దాదాపు 1:17, 32 మి.మీ. అయితే 1:24. పెద్దదే బాగుంటుంది, వంపుకి 4 అడుగుల వ్యాసార్థం ఇచ్చినా పడుతుంది. చిక్కల్లా చెమ్మతోనే. వానాకాలంలో గోడ అడుగంతా తడి. ఇత్తడి పట్టాలు నల్లబడి ఇంజన్‌కి కరెంటు అందదు, ముందు చెడేది జాయింట్లే. ప్రతి 6 అడుగులకీ ఫీడర్ వైర్లు (పట్టాలకి కరెంటు అందించే తీగలు) టంకం వెయ్యాలా, లేక పట్టాల్లో కరెంటే లేకుండా ఇంజన్‌లో బ్యాటరీ, రేడియో కంట్రోల్ పెట్టడమే మేలా? బల్లకి 12 మి.మీ. మెరైన్ ప్లై (తడికి తట్టుకునే ప్లైవుడ్) అనుకుంటున్నా; కోసిన అంచులకి ఎపాక్సీ పూస్తే చాలా? గోడకీ బల్లకీ మధ్య ఎంత ఎడం ఉండాలి?